నాలుగేళ్ల డాబా తోట: సంచులు బాగున్నాయి, తప్పు నా వంటలెక్కలో ఉంది

నాలుగేళ్ల కిందట డాబా మీద మట్టి నింపి మొక్కలు పెంచే సంచులు పద్నాలుగింటితో తోట మొదలుపెట్టాను. ఇప్పుడు తొమ్మిదే ఉన్నాయి. విసుగొచ్చి తగ్గించలేదు. మా వంటగదికి ఎన్ని చాలో తెలిసేసరికి ఇన్నాళ్లు పట్టింది. కొత్తవాళ్లు ముందుగా అడిగేది ఏ సంచి కొనాలి, ఏ మట్టి కలపాలి అనే కాబట్టి అక్కణ్ణుంచే చెప్తాను.

రెండు రకాలూ వాడాను. ప్లాస్టిక్ అల్లిక సంచులు రెండో వేసవికే ఎండకు పెళుసెక్కాయి. ఒకదాన్ని చెవి పట్టుకుని లాగితే చెవి చేతికొచ్చింది, మట్టి నేలపాలైంది. మందపాటి గుడ్డ సంచులు మాత్రం నాలుగో ఏడు కూడా గట్టిగానే ఉన్నాయి. వీటిలో వేరు అంచుదాకా వచ్చి గాలి తగలగానే కొస ఎండి ఆగిపోతుంది, వెనక నుంచి పిల్లవేళ్లు పుడతాయి. అందుకే వేళ్లు సంచిలో చుట్టలు చుట్టుకోవు. కాకపోతే ఆ గాలికే తడి కూడా ఆరిపోతుంది. ఎండలు ముదిరితే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పోయాల్సిందే. ఊరెళ్లాలంటే టెన్షన్. చుక్కచుక్కగా నీళ్లు పెట్టే టైమరున్న డ్రిప్ గొట్టాలు పెట్టాక కాస్త నిమ్మళించాను గానీ, ఒకసారి బ్యాటరీ అయిపోయి, మూడు రోజుల తర్వాత వచ్చి చూస్తే ముల్లంగి ఆకులు అప్పడాల్లా విరుగుతున్నాయి. ఇప్పుడు బయల్దేరే ముందు కొత్త బ్యాటరీ వేసి మరీ వెళ్తున్నాను.

టమాటాకు 20 లీటర్ల కంటే చిన్న సంచి వద్దు. ఆకుకూరకు ఆరంగుళాల లోతు చాలు. కాయలు కాసే మొక్కలకు రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలి, కాబట్టి ఎండ ఎక్కడ పడుతుందో రెండు రోజులు చూసుకుని అప్పుడు నింపండి. నిండిన తర్వాత జరపబోయి నేను నడుం పట్టించుకున్నాను.

మట్టి, కొబ్బరి పొట్టు, బాగా చివికిన కంపోస్టు సమానంగా కలుపుతాను. పొట్టును రెండు మూడుసార్లు నీళ్లలో కడిగి పిండాలి, అందులో ఉప్పు ఉంటుంది. మొదటిసారి కడగలేదు, నారు ఆకుల అంచులన్నీ మాడాయి. ఇంకో సంగతి, కంపోస్టు చివికేకొద్దీ సంచిలో మట్టి కుంగుతుంది. నాకైతే ఏడాదికి నాలుగు వేళ్ల లోతు దిగింది. పంట పంటకూ పైన మళ్లీ నింపుకోవాలి.

నన్ను బాగా ఏడిపించింది టమాటా. మొదటి కాయల అడుగున నల్లగా, తోలులాంటి మచ్చ. తెగులనుకుని మందు కొట్టాను, ఏం తగ్గలేదు. అది తెగులే కాదు. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తుతుంటే మొక్క కాయదాకా కాల్షియం అందించలేదు. నీళ్లు రోజూ ఒకే కొలతలో పడేలా చూశాక మచ్చలు వాటంతటవే ఆగిపోయాయి. ఎండలు 35 డిగ్రీలు దాటాక పూత రాలిపోవడం, కాయలు ఎర్రబడకుండా నారింజ రంగులోనే ఆగిపోవడం చూసి విత్తనాలమ్మినాయన్ని తిట్టుకున్నాను కూడా. పాపం, ఆయన తప్పేం లేదు. అంత వేడిలో టమాటాకు ఎర్ర రంగు సరిగా రాదు.

గుమ్మడిది వేరే కథ. మొదటి ఏడు పిందెలన్నీ నిమ్మకాయంత అయి, పసుపెక్కి రాలిపోయేవి. బలం చాల్లేదనుకుని ఎరువు మీద ఎరువు వేశాను. తీగ గోడెక్కింది, కాయ మాత్రం లేదు. మా డాబా మీదికి తేనెటీగలు రావడం తక్కువని తర్వాత అర్థమైంది. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరితేనే కాయ నిలుస్తుంది, ఇప్పుడు తేనెటీగలు చేసే ఆ పని నేనే చేస్తున్నాను. మగపువ్వుకు సన్నటి కాడ తప్ప ఏమీ ఉండదు, ఆడపువ్వు కింద బుల్లి గుమ్మడికాయ ఉంటుంది. పూలు తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటాయి కాబట్టి కాఫీ కంటే ముందే పైకెళ్లాలి. మగపువ్వు తుంచి, రేకులు ఒలిచేసి, మధ్యలోని పుప్పొడి కాడను ఆడపువ్వు లోపలి బొడిపెలకు మెల్లగా అన్నివైపులా రుద్దాలి. వేలికి పసుపు అంటుకుంటే పుప్పొడి ఉన్నట్టే. నాలుగైదు రోజుల్లో పిందె ఉబ్బుతూ కనబడితే పని జరిగినట్టు. మిగిలిన మగపూలను పారేయను, ఉల్లిపాయతో వేయిస్తే కమ్మగా ఉంటాయి.

ఇక వంట. తోట పెడితే కూరగాయలు కొనే పని తప్పుతుందనుకున్నాను. తప్పలేదు. మొదటి ఏడు ఆరు టమాటా మొక్కలు ఒకేరోజు నాటాను, అన్నీ ఒకే రెండు వారాల్లో పండాయి. పొద్దున టమాటా, రాత్రి టమాటా. ఇంట్లోవాళ్లు కంచం ముందు కూర్చుని నా మొహం చూసేవాళ్లు. బెండది దీనికి తలకిందులు. రెండు మొక్కలు పెడితే రోజు విడిచి రోజు నాలుగు కాయలు, ఒక కూరకు కూడా చాలవు. పోగుచేద్దామని కాయల్ని మొక్క మీదే ఉంచితే నాలుగో రోజుకు ముదిరి పీచైపోతాయి. కొన గిల్లితే టప్పున విరగాలి, వంగిందంటే అది విత్తనానికే.

ఇప్పుడు టమాటా నారు మూడు వారాల తేడాతో రెండేసి చొప్పున నాటుతున్నాను. ఒకేసారి ఎక్కువ పండితే ఉడికించి గుజ్జు చేసి ఫ్రీజర్లో పెడతాను. బెండ ఆరు మొక్కలు. కొత్తిమీర, పాలకూర పదిహేను రోజులకోసారి గుప్పెడు గింజలు, అదీ చల్లగా ఉన్న నెలల్లోనే. వేడికి కొత్తిమీర ఆకు మానేసి పూతకెళ్తుంది. ముల్లంగి ఒత్తుగా మొలిస్తే పీకేసిన మొలకలు సలాడ్‌లోకి, దుంప తీశాక ఆకు కూరలోకి. ఏం వండాలో రాత్రే అనుకునే అలవాటు పోయింది. బుట్టలో నాలుగు బెండలు, గుప్పెడు బీన్స్, ఒక వంకాయ ఉంటే మూడూ కలిపే వండేస్తాను. అప్పుడే కోసిన బీన్స్ నాకు తొందరగా ఉడుకుతున్నాయి. పాత అలవాటుకొద్దీ పొయ్యి మీద ఉంచేసి రెండుసార్లు ముద్ద చేశాను.

డబ్బు సంగతా? సంచులు, మట్టి, డ్రిప్ ఖర్చు లెక్కేస్తే మొదటి రెండేళ్లు నష్టమే. నాకు లాభంగా అనిపించినవి పుదీనా, మిర్చి, ఆకుకూరలు. వాటిని అవసరమైనంతే తుంచుకోవచ్చు, ఫ్రిజ్‌లో కుళ్లే కట్ట ఉండదు. ఉల్లి, బంగాళాదుంప కొనుక్కోవడమే మేలు. క్యాబేజీ జోలికి మళ్లీ వెళ్లను. మూడు నెలలు సంచినంతా ఆక్రమించి ఒక్కటంటే ఒక్క గడ్డ ఇచ్చింది, అందులోనూ పై పొరలన్నీ పురుగులే తిన్నాయి.