అగ్గి తెగులు భయం ఉన్న చేలకి నెల్లూరు మసూరి (ఎన్‌ఎల్‌ఆర్ 34449): వేసి చూసిన రైతు మాట

కోవూరు పక్కన మా మాగాణిలో రబీకి ఇదే వేస్తున్నాం. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ళు తయారు చేసిన వరి రకం. అగ్గి తెగులు పడే చేలో ఇంత నమ్మకమైన సన్న రకం నేనైతే చూడలేదు.

మన దగ్గర డిసెంబరు, జనవరిలో రాత్రులు చల్లబడి, మంచు బాగా పొద్దెక్కేదాకా ఆకుల మీదే ఉండి, దానికి తోడు ముసురు పట్టిందంటే చాలు, బీపీటీ 5204 (సాంబ మసూరి) వేసిన చేలల్లో అగ్గి తెగులు నూలుకండె ఆకారం మచ్చలు మొదలవుతాయి, మధ్యలో బూడిద రంగు, అంచున ముదురు గోధుమ రంగు. ఆకు మీద ఉండగానే ట్రైసైక్లజోల్ లీటరు నీటికి 0.6 గ్రాములు కలిపి కొడితే చాలావరకు ఆగుద్ది. కానీ వెన్ను మెడకి పడిందంటే మెడ విరిగి గింజంతా తాలు, ఇక ఏ మందు కొట్టినా ఆ వెన్ను మనకి రాదు. ఈ రకంతో ఆ టెన్షన్ బాగా తగ్గింది. అసలు రాదని చెప్పను, యూరియా ఎక్కువ పడిన మడుల్లో మచ్చలు కనబడ్డాయి, మెడ విరుపు దాకా మాత్రం పోలేదు.

అగ్గి తెగులు తెచ్చేది ఒక శిలీంధ్రం (బూజు), ఇదే జాతి గోధుమనీ వదల్లేదు. 1985లో బ్రెజిల్‌లో బయటపడింది, 2016లో బంగ్లాదేశ్‌కి వచ్చి పడితే అక్కడ చేలకి చేలు తగలబెట్టుకోవాల్సి వచ్చింది. వాళ్ళు కూడా మందుల్నే నమ్ముకుని కూర్చోకుండా 2017లో తట్టుకునే రకం, బారి గోమ్ 33, విడుదల చేసుకున్నారు. అందుకే ముందు విత్తనం చూసుకోమంటాను.

పంటకాలం 120-125 రోజులే, బీపీటీ అయితే 150 దాకా పోతుంది, సోమశిల జలాశయం నీళ్ళు తక్కువగా ఉన్న ఏడు ఈ తేడా చాలా పెద్దది. దిగుబడి మాకు ఎకరాకు మూడు పుట్ల (మా దగ్గర పుట్టి అంటే 850 కిలోలు) పైనే వస్తోంది. అన్నం బాగుంటుంది, ఇంటికీ ఇవే ఉంచుకుంటున్నాం.

లోపాలూ ఉన్నాయి. పాము పొడ తెగులు దీనికీ వస్తుంది, దుబ్బు గుబురుగా ఉన్నచోట మొదళ్ళు చూస్తూ ఉండాలి, కనబడగానే హెక్సాకొనజోల్ లీటరుకి 2 మి.లీ. కొట్టాల్సిందే. కళ్ళంలో దళారులు బీపీటీ కంటే కాస్త తక్కువ అడుగుతారు, తొందరపడి ఇచ్చేయకండి.

విత్తనం మాత్రం నీలం ట్యాగ్ (ధ్రువీకరించిన విత్తనం అని గుర్తు) ఉన్న బస్తానే కొనండి, రసీదు తీసుకోండి. సీజన్ ముంచుకొచ్చాక దొరకడం కష్టం, సెప్టెంబరులోనే అడిగి పెట్టుకోండి.