ఒకరిది కెటిల్, ఒకరిది సూర్యుడు, ఒకరిది అరటిపండు: వేసవి బేస్‌బాల్ జట్లలో ఏది మేలు?

మా బావమరిది జార్జియాలో ఉంటాడు. ఈ వేసవికి మా మామగారు విజయవాడ నుంచి వస్తున్నారు, సగం రోజులు కొడుకు దగ్గర, సగం రోజులు మా ఇంట్లో, మాసచూసెట్స్‌లో. మొన్న బావమరిది ఫోన్ చేసి, "బావా, నాన్నకి ఒక్క బేస్‌బాల్ ఆట చూపించాలి. పెద్ద లీగ్ టికెట్లు కొనాలంటే టెన్షన్‌గా ఉంది. కాలేజీ పిల్లలు ఆడే వేసవి జట్లు ఉన్నాయటగా, వాటిలో ఏది మంచిది?" అన్నాడు. నేను మూడు పేర్లు చెప్పాను. కాన్ఫరెన్స్ కాల్‌లో ఉన్న మామగారు మధ్యలో ఒక ప్రశ్న వేశారు: "జీతం ఇవ్వకపోతే ఎందుకు ఆడతారయ్యా?"

ఇదే అసలు ప్రశ్న. కాలేజీ తరఫున ఆడే కుర్రాడు వేసవి జట్టు దగ్గర జీతం పుచ్చుకుంటే, మళ్లీ కాలేజీకి ఆడే అర్హత పోతుంది. కాబట్టి జట్టు జీతం ఇవ్వదు. పోనీ అభిమానంతో ఉండిపోతాడా అంటే అదీ లేదు, ఆగస్టు రాగానే వెళ్లిపోతాడు. వచ్చే ఏడు కొత్త ముఖాలు. ఆటగాళ్లు నిలవని జట్టు, డబ్బు ఇవ్వలేని జట్టు, మరి దేన్ని పట్టుకుని డెబ్బై ఎనభై ఏళ్లు నిలబడుతుంది? నేను చెప్పిన మూడు జట్లూ దీనికి మూడు వేరు వేరు జవాబులు.

మొదటిది కొటూయిట్ కెటిలీర్స్. మా మాసచూసెట్స్ తీరంలోని కేప్‌కాడ్‌లో బార్న్‌స్టబుల్ పట్టణం కిందకు వచ్చే చిన్న ఊరు కొటూయిట్. 1648 ప్రాంతంలో తెల్లవాళ్లు వాంపనోగ్ తెగ దగ్గర ఈ నేలను ఒక ఇత్తడి కెటిల్, ఒక పార ఇచ్చి కొన్నారని ఊళ్లో చెప్పుకునే కథ. జట్టు పేరు దాని నుంచే వచ్చింది. (ఆ కథను నేల అమ్మినవాళ్ల కన్నా కొన్నవాళ్లే ఎక్కువ ముచ్చటగా చెప్పుకుంటారు, అది వేరే సంగతి.) జట్టు పుట్టింది 1947లో. కేప్‌కాడ్ లీగ్ అంతకన్నా పాతది. 1923లో ఒక పద్ధతి ప్రకారం మొదలై, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆగిపోయి, 1946లో మళ్లీ లేచింది. 1963లో దాన్ని కాలేజీ ఆటగాళ్ల లీగ్‌గా మార్చారు. కెటిలీర్స్ 1961 నుంచి 1964 దాకా వరసగా నాలుగుసార్లు కప్పు కొట్టారు. అంటే పాత పద్ధతిలో రెండు, కొత్త పద్ధతిలో రెండు. ఆట నియమాలు మారినా గెలుపు మారలేదు. 1972 నుంచి 1975 దాకా మళ్లీ నాలుగు. 2019 నాటికి మొత్తం 17.

ఈ గెలుపుల వెనక ఆర్నాల్డ్ మైకాక్ అనే ఆయన ఉన్నారు. దశాబ్దాల పాటు జట్టు జనరల్ మేనేజర్. ఇప్పుడు లీగ్ విజేతకు ఇచ్చే ట్రోఫీ ఆయన పేరు మీదే ఉంది. కానీ ఒక్క మనిషితో ఇది అయ్యేది కాదు. ఆటగాళ్లకు ఊళ్లో ఇళ్లవాళ్లు గది ఇస్తారు, అన్నం పెడతారు. మనవైపు వెనకటి రోజుల్లో బీద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకునేవారు కదా, సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట. ఇక్కడ వేసవంతా ఒకే ఇల్లు, అదే తేడా. పెద్ద లీగ్‌లోకి వెళ్లాక కూడా తమకు అన్నం పెట్టిన ఇంటిని మరిచిపోని ఆటగాళ్లు చాలామందే ఉన్నారు. రాన్ డార్లింగ్, విల్ క్లార్క్ లాంటివాళ్లు ఒకప్పుడు ఈ ఊళ్లో వేసవి గడిపిన కుర్రాళ్లే.

ఆట జరిగేది లోవెల్ పార్క్‌లో. చుట్టూ చెట్లు, లైట్లు లేవు. చీకటి పడితే ఆట ఆగాల్సిందే, అందుకని సాయంత్రం పెందలాడే మొదలుపెడతారు. టికెట్టు లేదు. ఆట మధ్యలో టోపీ పట్టుకుని వస్తారు, తోచింది వెయ్యాలి. వినాయక చవితి చందా లాంటిదే గానీ రసీదు పుస్తకం ఉండదు, ఎంత వేశారని ఎవరూ చూడరు. దాంతో పాటు లాటరీ కూడా: పోగైన డబ్బులో సగం గెలిచినవాడికి, సగం జట్టుకి.

మామగారి ప్రశ్నకు పూర్తి జవాబు మాత్రం 1985లో వచ్చిన మార్పులో ఉంది. కాలేజీ ఆటలో అల్యూమినియం బ్యాట్లు వాడతారు. బంతి ఎక్కడ తగిలినా దూరం పోతుంది. పెద్ద లీగ్‌లో చెక్క బ్యాటే. కేప్‌కాడ్ లీగ్ 1985లో చెక్క బ్యాటుకి మారింది. టెన్నిస్ బంతితో సందులో సిక్సర్లు కొట్టేవాడి చేతికి లెదర్ బంతి వస్తే అసలు సంగతి బయటపడినట్టు, ఇక్కడ ఎవడు నిజంగా కొట్టగలడో తేలిపోతుంది. అందుకే పెద్ద జట్ల స్కౌట్లు, అంటే మంచి కుర్రాళ్లను వెతికేవాళ్లు, నోట్‌పుస్తకాలు పట్టుకుని వరసగా కూర్చుంటారు. కుర్రాడికి జీతం అదే, తనను చూసేవాళ్లు ఉండటం. ఆ సంగతి చెబితే మామగారు, "అయితే అప్రెంటిస్ అన్నమాట" అన్నారు. అంతే.

ఈ జట్టుకి లోపం లేదా అంటే ఉంది. పెద్ద లీగ్ డ్రాఫ్ట్, అంటే జట్లు వంతుల వారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడం, 2021 నుంచి జూలైకి మారింది. మంచి ఆటగాళ్లు వేసవి మధ్యలోనే డ్రాఫ్ట్ అయి వెళ్లిపోతున్నారు, వాళ్ల స్థానంలో తాత్కాలికంగా ఇంకొకరు వస్తారు. జూన్‌లో చూసిన జట్టు జూలై చివర ఉండదు. పేర్లు గుర్తుపెట్టుకుని ఒకణ్ణి అభిమానించాలనుకునేవాడికి ఇది చిరాకే.

రెండో జట్టు అలాస్కాలో, ఫెయిర్‌బ్యాంక్స్ పట్టణంలో ఉంది. దాని పేరు అలాస్కా గోల్డ్‌ప్యానర్స్, అంటే ఏటి ఇసుకను పళ్లెంలో కడిగి బంగారు రేణువులు ఏరేవాళ్లు. ఆ ఊరు పుట్టిందే బంగారం కోసం. అలాస్కాకు రాష్ట్ర హోదా వచ్చింది 1959 జనవరిలో, జట్టు పుట్టింది 1960లో. పెట్టింది రెడ్ బౌచర్ అనే ఆయన. తర్వాత ఫెయిర్‌బ్యాంక్స్ మేయరై, రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ కూడా అయ్యారు. కొటూయిట్‌ది ఊరి జవాబైతే, ఇది ఒక మనిషి మొండితనం ఇచ్చిన జవాబు. దగ్గర్లో ఆడటానికి జట్లు లేవు, రావాలంటే విమానం ఎక్కాలి, అయినా దేశంలోని మంచి కాలేజీ ఆటగాళ్లను అక్కడికి లాక్కొచ్చారు.

1964లో టామ్ సీవర్ వచ్చాడు. అప్పటికి కాలిఫోర్నియాలో ఒక చిన్న కాలేజీ కుర్రాడు. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ కోచ్ రాడ్ డెడో, అలాస్కాలో బాగా ఆడితే స్కాలర్‌షిప్ ఇస్తానన్నాడు. ఆడాడు, వచ్చింది. అయిదేళ్లకు అతనే న్యూయార్క్ మెట్స్‌ని 1969 ఛాంపియన్లుగా నిలబెట్టిన పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. డేవ్ విన్‌ఫీల్డ్, బ్యారీ బాండ్స్ కూడా ఈ జట్టు చొక్కా వేసుకున్నవాళ్లే. అప్పట్లో విచిటాలో జరిగిన జాతీయ టోర్నమెంట్‌ను 1972, 1973, 1974లో వరసగా గెలిచారు. ఒక దశకంలో ఇంత మంచి వేసవి జట్టు అమెరికాలో ఇంకోటి ఉందా అంటే నాకు అనుమానమే.

అయితే జనం గుర్తుపెట్టుకున్నది కప్పుల్ని కాదు, జూన్ 21 చుట్టుపక్కల జరిగే ఒక్క ఆటని. ఆ ఊళ్లో 1906 నుంచి ఉన్న ఆచారం అది. 1960 నుంచి గోల్డ్‌ప్యానర్స్ దాన్ని అందిపుచ్చుకున్నారు. రాత్రి పదింటికి మొదలవుతుంది, లైట్లు వెయ్యరు. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు అర్ధరాత్రి దాటాక, ఒంటిగంటకు కాస్త ముందు దిగి, మూడు కొట్టేలోపే మళ్లీ వస్తాడు. అర్ధరాత్రి దగ్గరపడినప్పుడు ఆట ఆపి అలాస్కా జెండా పాట పాడతారు. మైదానం పేరు గ్రౌడెన్ పార్క్. 1964 భూకంపం తర్వాత వచ్చిన సునామీలో తన ఇద్దరు కొడుకులతో పాటు చనిపోయిన జేమ్స్ గ్రౌడెన్ పేరు అది.

ఈ జట్టు బలహీనత కూడా దూరమే. 2015 తర్వాత అలాస్కా లీగ్ నుంచి విడిపోయింది, ఆపైన సొంతంగా నడిచింది. కెటిలీర్స్‌కి తొమ్మిది పొరుగు జట్లు పక్కపక్కనే ఉన్నాయి, బస్సెక్కితే చాలు. గోల్డ్‌ప్యానర్స్‌కి సూర్యుడు తప్ప పొరుగువాడు లేడు.

ఈ రెండో జట్టుకీ మూడో జట్టుకీ మధ్య వంతెన లాంటి మనిషి ఒకాయన ఉన్నాడు, బిల్ లీ. బోస్టన్ రెడ్ సాక్స్ మాజీ పిచ్చర్, కుర్రతనంలో గోల్డ్‌ప్యానర్. 2008లో 61 ఏళ్ల వయసులో ఫెయిర్‌బ్యాంక్స్ వచ్చి ఆ అర్ధరాత్రి ఆటలో బంతి విసిరాడు. 2022లో, 75 ఏళ్ల వయసులో మన మూడో జట్టు, జార్జియాలోని సవానా బనానాస్ తరఫున బంతి పట్టాడు. ఆ ఆగస్టులో మైదానం పక్కన వార్మప్ చేస్తూ గుండె ఆగి కూలిపోతే, అక్కడున్నవాళ్లు బతికించారు. పద్ధతిగా నడిచే జట్లలో ఇలాంటివి జరగవు. బనానాస్‌లో జరుగుతాయి.

సవానాలో గ్రేసన్ స్టేడియం 1926 నాటిది. అందులో ఆడే ప్రొఫెషనల్ జట్టు కొత్త స్టేడియం అడిగింది, ఊరు కట్టలేదు, 2015 తర్వాత వాళ్లు సౌత్ కరొలైనాకు మారిపోయారు. ఖాళీ అయిన ఆ మైదానంలోకి జెస్సీ కోల్, ఎమిలీ దంపతులు వచ్చారు. 2016లో కోస్టల్ ప్లెయిన్ లీగ్‌లో కాలేజీ జట్టు పెట్టారు. మొదట్లో టికెట్లు అమ్ముడుపోలేదు. ఇల్లు అమ్ముకుని, గాలి పరుపు మీద పడుకున్న రోజులు ఉన్నాయి. పేరు పెట్టమని ఊరివాళ్లను అడిగితే బనానాస్ అని వచ్చింది. పేరు చూసి ఊరంతా నవ్వారు, తిట్టారు, తర్వాత టికెట్టు కొన్నారు. పసుపు చొక్కాలు, డాన్సులు చేసే కోచ్, పెద్ద వయసు ఆడవాళ్ల డాన్స్ బృందం, టికెట్టులోనే తిండి. అమెరికాలో స్టేడియం అంటే గోడలన్నీ ప్రకటనలే కదా, 2020లో వీళ్లు వాటిని పీకేశారు. వ్యాపారంలో అలాంటి పని చేసినవాణ్ణి నేను మెచ్చుకోకుండా ఉండలేను.

ఆట కూడా బాగానే ఆడారు. మొదటి ఏడే లీగ్ కప్పు, మళ్లీ 2021, 2022లో. అప్పటికి వాళ్లు ఇంకో ఆట కనిపెట్టారు, బనానా బాల్ అని. రెండు గంటలే సమయం. ఒక్కో ఇన్నింగ్స్‌లో ఏ జట్టు ఎక్కువ పరుగులు చేస్తే ఆ జట్టుకి ఒక పాయింటు. గీత బయటకు పోయిన ఫౌల్ బంతిని ప్రేక్షకుడు పట్టుకున్నా బ్యాటర్ ఔట్. జనం దానికే ఎగబడ్డారు. 2022 కప్పు గెలిచిన ఆ ఆగస్టులోనే, ఇక కాలేజీ లీగ్‌లో ఆడబోమని ప్రకటించారు. 2025లో క్లెమ్సన్ ఫుట్‌బాల్ స్టేడియంలో 81,000 మంది ముందు ఆడారు.

మన పల్లెల్లో పౌరాణిక నాటకం మధ్యలో రికార్డింగ్ డాన్స్ పెట్టిన సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మొదట జనాన్ని కూర్చోబెట్టడానికి పెట్టారు. కొన్నాళ్లకు నాటకం తగ్గిపోయింది, డాన్స్ మిగిలింది. బనానాస్ విషయంలో ఇది తప్పని నేననను, డాన్స్ నిజంగానే బాగుంటుంది. కానీ ఏడేళ్లలో సవానాలో వేసవి కాలేజీ జట్టు అనేది పుట్టి, గెలిచి, లేకుండా పోయింది. ఆటగాళ్లు ఇప్పుడు జీతగాళ్లు. మామగారు అడిగిన ప్రశ్నకు జీతం ఇవ్వడమే వాళ్ల జవాబు. ఆ జవాబు చెప్పాక ఇక ఆ పోటీలో లేరు.

కాబట్టి బావమరిదికి నేను చెప్పింది ఇదీ. పిల్లల్ని తీసుకెళ్లాలంటే, బేస్‌బాల్ నియమాలు ఎవరికీ తెలియవంటే, బనానాస్‌ని మించింది లేదు. కానీ టికెట్లు లాటరీలో పంచుతారు, వస్తే వచ్చినట్టు. ఫెయిర్‌బ్యాంక్స్ జూన్ 21కి ఒక్కసారి, అలాస్కా టూరు ఎలాగూ వేసుకుంటేనే. ఆ ఆట కోసమే విమానం ఎక్కమని ఎవరికీ చెప్పను, ఎక్కినవాణ్ణి వద్దని కూడా అనను. మామగారికి మాత్రం కొటూయిట్. ఆయన విజయవాడలో లీగ్ క్రికెట్ మ్యాచ్‌లు చెట్టు కింద నుంచుని చూసిన మనిషి. ఎవరు గెలిచారనేదానికన్నా ఎవడి చేతిలో ఆట ఉందో చూడటం ఆయనకు ఇష్టం. స్కౌట్ల పక్కన కూర్చోబెడితే మూడు గంటలూ కదలరు.

కేప్‌కాడ్ వంతెన దగ్గర శనివారం ట్రాఫిక్ చూస్తే ఏడుపొస్తుంది, అందుకని వారం మధ్యలో వెళ్తున్నాం. మడత కుర్చీలు కార్లో వేశాను. టోపీ వచ్చినప్పుడు వెయ్యడానికి బ్యాంకుకెళ్లి చిల్లర నోట్లు కూడా తెచ్చుకోవాలి. ఈ కార్డులు గీకే అలవాటు పడ్డాక మా ఇంట్లో ఎవరి జేబులోనూ ఒక్క నోటూ ఉండటం లేదు.