ఒహాయోలో ది వైల్డ్స్: జంతువులతో పాటు ఆ నేలను కూడా చూసి రండి

కొలంబస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు వేసవిలో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి అని అడిగితే నేను మొదట చెప్పేది ది వైల్డ్స్ అనే సఫారీ పార్కు. కంబర్లాండ్ అనే చిన్న ఊరి దగ్గర, కారులో ఇంచుమించు గంటన్నర ప్రయాణం. పక్కలు తెరిచి ఉన్న బస్సులో గుట్టల మధ్య తిప్పుతారు. ఖడ్గమృగాలు, జిరాఫీలు, మంగోలియా అడవి గుర్రాలు, టాకిన్లు అనే మేకజాతి పెద్ద జంతువులు అన్నీ కంచెల వెనక ఇరుకుగా కాకుండా మైదానంలో తిరుగుతూ కనిపిస్తాయి. మన ఒంటికొమ్ము ఖడ్గమృగం కూడా ఉంది. జంతువుల మీద రివ్యూలు ఇప్పటికే బోలెడున్నాయి, పిల్లలకు కచ్చితంగా నచ్చుతుంది, ఆ సంగతి ఇంతటితో ఆపేస్తున్నా.

నేను రాయాలనుకుంది వాటి కాళ్ల కింద ఉన్న నేల గురించి. ఆ గుట్టలు, చెరువులు, గడ్డి అంతా ఒకప్పుడు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని, అంటే నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే గని. దశాబ్దాల పాటు తవ్విన ఈ భూమిలో 9 వేల ఎకరాలకు పైగా 1986లో బొగ్గు కంపెనీ విరాళంగా ఇచ్చేసింది, 1994లో జనాన్ని లోపలికి అనుమతించారు. నేను తెలంగాణ బొగ్గు ఊరు గోదావరిఖనిలో పెరిగిన మనిషిని, మా నాన్న ఓసీలో (ఓపెన్‌కాస్ట్ గనిలో) డంపర్ నడిపారు. ఓబీ గుట్ట (బొగ్గు పైనుంచి తీసిన మట్టీ రాళ్ల కుప్ప) ఎలా ఉంటుందో, బ్లాస్టింగ్ అయ్యాక దుమ్ము ఎంతసేపటికి అణుగుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే బస్సు ఒక ఎత్తు మీద ఆగి, కనుచూపు మేరా పచ్చటి గడ్డి కనిపించినప్పుడు, ఇక్కడ బొగ్గు తీశారంటే నమ్మడానికి నాకే కాసేపు పట్టింది.

ఇదంతా కంపెనీ మంచితనంతోనే అయిందనుకోకండి. తవ్విన నేలను మళ్లీ బాగుచేయాలని ఒహాయో రాష్ట్రం 1972లోనే గట్టి చట్టం తెచ్చుకుంది, అంటే అమెరికా కేంద్ర చట్టం కంటే ఐదేళ్లు ముందు. 1977 ఆగస్టులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో కేంద్ర చట్టం వచ్చాక దేశమంతటికీ ఒకే కనీస కొలమానం ఏర్పడింది. తవ్వేముందు పైమట్టి విడిగా తీసి దాచాలి, బొగ్గు అయిపోయాక గుంత పూడ్చి నేలను దాదాపు పాత వాలుకు తేవాలి, పైమట్టి మళ్లీ పరిచి మొక్కలు పెంచాలి. పర్మిట్ కావాలంటే ముందుగా పూచీకత్తు కట్టాలి. వానలు బాగా పడే ఇలాంటి ప్రాంతాల్లో చివరిసారి విత్తిన దగ్గర్నుంచి కనీసం ఐదేళ్లు మొక్కలు నిలబడితేనే ఆ పూచీకత్తు పూర్తిగా విడుదలవుతుంది. రోజువారీ తనిఖీ బాధ్యత వాషింగ్టన్‌ది కాదు, ఒహాయో రాష్ట్ర సహజ వనరుల శాఖది. డబ్బు ప్రభుత్వం దగ్గర ఇరుక్కుపోయి ఉంటే ఏ కంపెనీ అయినా గుంత పూడుస్తుంది, నా ఉద్దేశంలో ఆ చట్టం మొత్తానికి ప్రాణం అక్కడే ఉంది.

అయితే ఒక్కటి గమనించండి, చెట్లు ఏవి? తవ్వకముందు ఇటువైపు కొండల్లో ఉండేది అడవి. నేల కొట్టుకుపోకూడదని బుల్డోజర్లతో చదును చేసి చేసి మట్టిని రోడ్డులా బిగించేశారు, వేళ్లు దిగవు, నీళ్లు ఇంకవు. గడ్డి తొందరగా వస్తుంది కాబట్టి తనిఖీలో పచ్చగా కనిపిస్తుంది, పూచీకత్తు వెనక్కి వస్తుంది, అడవి మాత్రం రాదు. పైపై పొరను వదులుగా వదిలేసి చెట్లు నాటాలన్న ఆలోచన 2004 తర్వాతే ఈ అపలేచియన్ కొండల రాష్ట్రాల్లో గట్టిగా మొదలైంది. ది వైల్డ్స్ వాళ్లు ఆ గట్టి నేలలో ప్రెయిరీ (గడ్డిమైదానాల) పూల మొక్కలు పెంచుతూ సీతాకోకచిలుకలకు చోటు ఇస్తున్నారు. నాకు ఖడ్గమృగం కంటే అదే పెద్ద పనిగా అనిపించింది. పచ్చగా కనిపించినంత మాత్రాన బాగుపడినట్టు కాదని ఇక్కడ కళ్లారా తెలుస్తుంది.

మన దగ్గర కూడా 2009 నుంచి గని మూసివేత ప్లాన్, దానికి ఎస్క్రో ఖాతాలో (ఆ పనికే కట్టిపెట్టే విడి ఖాతాలో) ఏటా డబ్బు వేయడం అనే నిబంధనలు ఉన్నాయి, అవి కేంద్ర బొగ్గు శాఖవి. మా గనులు తవ్వే సింగరేణి సంస్థలో 51 శాతం వాటా తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అంటే తవ్వేదీ ప్రభుత్వ సంస్థే, చూసుకోవాల్సిందీ ప్రభుత్వమే. అలాంటప్పుడు పైమట్టి ఎక్కడ దాచారు, గుంత ఎంత పూడ్చారు, ఏ చెట్లు బతికాయి అన్న లెక్క ప్రతి ఓసీకీ తెలుగులో, ఆ ఊళ్ల జనానికి అర్థమయ్యేలా బయట పెట్టాలని నాకు బలంగా ఉంది. భూమి ఇచ్చింది వాళ్లు, ఆ లెక్క అడిగే హక్కు ముందు వాళ్లది.

వెళ్లేవాళ్లకు ఇంకొక్క మాట. వచ్చేటప్పుడు నేరుగా హైవే ఎక్కకుండా మెకానల్స్‌విల్ వైపు 78వ నంబరు రాష్ట్ర రహదారి మీదున్న మైనర్స్ మెమోరియల్ పార్కుకు తప్పకుండా వెళ్లండి. ఈ గనుల్లో 1969 నుంచి 1991 దాకా పనిచేసిన బిగ్ మస్కీ అనే డ్రాగ్‌లైన్ (తాళ్లతో బకెట్‌ను లాగుతూ మట్టి తవ్వే భారీ యంత్రం) తాలూకు బకెట్ అక్కడ పెట్టారు. ఆ యంత్రం బరువు 12 వేల టన్నులకు పైనే, 13,800 వోల్టుల కరెంటుతో నడిచేది. 1999లో దాన్ని తుక్కు చేసేశారు, బకెట్ ఒక్కటే మిగిలింది. దాని పరిమాణం 220 ఘనపు గజాలు, అంటే సుమారు 168 ఘనపు మీటర్లు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, అందులోనూ బొగ్గు గనుల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లయితే, దాని లోపల నిలబెట్టి ఫొటో తీయండి.

సఫారీ సాధారణంగా మే నుంచి అక్టోబరు దాకా ఉంటుంది, టికెట్లు ముందే బుక్ చేసుకోండి. ఆ కొండల్లో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పులిహోర, నీళ్లు కారులో ఉంటే మంచిది. నా రేటింగ్ అయిదుకు నాలుగున్నర. ఆ అర తగ్గించింది లేని చెట్ల కోసం, పార్కు వాళ్ల తప్పు ఏమీ లేదు.