హంటింగ్టన్ వ్యాధికి డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్: ఒక సమీక్ష

మా అన్నయ్యకు హంటింగ్టన్ వ్యాధి ఉంది. ఒళ్లు అదుపు లేకుండా కదిలేలా చేస్తూ, ఆలోచననూ మనసునూ క్రమంగా దెబ్బతీసే వంశపారంపర్య మెదడు జబ్బు అది. ఆ కదలికలను తగ్గించే టెట్రాబెనజైన్ అనే మందు మోతాదు పెంచితే దిగులూ మగతా ముంచుకొచ్చేవి. తగ్గిస్తే కుర్చీలో నిలకడగా కూర్చోలేనంతగా చేతులూ కాళ్లూ మెడా వాటంతటవే కదిలేవి. మందులతో ఇక లాభం లేదని తేలాకే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్‌కు ఒప్పుకున్నాం. ఇందులో మెదడు లోతున ఉండే గ్లోబస్ పాలిడస్ లోపలి భాగంలో రెండు వైపులా సన్నని ఎలక్ట్రోడ్లు అమర్చి, చర్మం కిందుగా తెచ్చిన తీగలను ఛాతీ పైభాగంలో పెట్టిన, విద్యుత్ స్పందనలు పంపే బ్యాటరీకి కలుపుతారు.

కదలికల వరకు ఈ చికిత్సకు మంచి మార్కులే వేస్తాను. చెంచా నోటి దాకా చేరేలోపే సగం ఒలకబోసుకునే మనిషి ఇప్పుడు ఎవరూ మణికట్టు పట్టుకోకుండానే తింటున్నాడు. కుర్చీ చేతులకు కొట్టుకుని మోచేతులు కమిలిపోవడమూ తగ్గింది. అయితే ఈ మేలు ఆపరేషన్ జరిగిన వెంటనే కనిపించలేదు, ఆ తరువాత నెలల తరబడి పరికరాన్ని సరిచేస్తూ పోగా కనిపించింది. మొదట 130 హెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 130 విద్యుత్ స్పందనలు వచ్చేలా, ఉంచినప్పుడు కదలికలు బాగా అణిగాయి గాని, నడక మందగించి, మాట ముద్దగా వచ్చేది. 40 హెర్ట్జ్‌కు దించాక కదలికల అదుపు పెద్దగా చెడకుండానే నడక తేరుకుంది. 2004లో వెలువడిన తొలి నివేదికల్లోనే ఈ తేడా నమోదై ఉంది కాబట్టి, ప్రోగ్రామింగ్‌లో, అంటే పరికరాన్ని ఇలా సరిచేయడంలో, అనుభవం ఉన్న న్యూరాలజిస్టు దొరకడం సర్జన్ పేరుప్రతిష్ఠలకన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

నా అసంతృప్తి అంతా ముందస్తు కౌన్సెలింగ్ మీదే. మాకు చూపించిన వీడియోలన్నీ పార్కిన్సన్స్ రోగులవి. ఆ వ్యాధికి ఈ చికిత్సను అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లోనే ఆమోదించింది. హంటింగ్టన్‌కు అలాంటి ఆమోదం లేదన్న మాట మేము అడిగితే తప్ప బయటికి రాలేదు. పైగా ఈ చికిత్స చేయించినా, హంటింగ్టన్‌కు కారణమైన 4వ క్రోమోజోమ్‌లోని జన్యు లోపం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. మతిమరుపు, చిరాకు, నిర్ణయాలు తీసుకోలేకపోవడం వంటి వాటిని ఈ పరికరం తగ్గించలేదు. మెదడులో రక్తస్రావం, ఇన్ఫెక్షన్ అనే ముప్పులు ఎలాగూ ఉన్నాయి. రీచార్జి చేసే వీలు లేని బ్యాటరీ అయితే కొన్నేళ్లకు మరో చిన్న ఆపరేషన్‌తో మార్చాలి.

మందులకు లొంగని కదలికలే ప్రధాన బాధగా ఉండి, జ్ఞాపకశక్తీ మానసిక స్థితీ ఇంకా నిలకడగా ఉన్నవారికి దీన్ని సిఫారసు చేస్తాను. కదలికలకన్నా మనోవ్యాధి లక్షణాలే ముందున్నవారికి మాత్రం చేయను.