కాల్గరీ స్టాంపీడా, పొనోకా స్టాంపీడా?

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో ఉన్నాక ఒక్క రోడియో (కౌబాయ్‌ల స్వారీ పోటీలు) అయినా చూడాలి. ఇక్కడ స్టాంపీడ్ అంటే రోడియో పండగే. ఏది చూడాలన్నదే ప్రశ్న.

కాల్గరీది 1912లో గై వీడిక్ అనే రోడియో ప్రదర్శకుడు మొదలుపెట్టిన పండగ. జూలైలో పది రోజులు ఊరంతా కౌబాయ్ టోపీలే, బ్యాంకు ఉద్యోగులతో సహా! వీధుల్లో ఉచితంగా పాన్‌కేకులు, ఎల్బో నది పక్కన ట్రీటీ 7 అనే ఒప్పందంలో భాగమైన స్థానిక ఆదివాసీ తెగల టీపీ గుడారాలు, జయంట్ వీల్. సాయంత్రం చక్‌వ్యాగన్ (కౌబాయ్‌ల పాతకాలపు వంటబండి) పందేలు, బండికి నాలుగు గుర్రాలు. వాటిలో గుర్రాలు చనిపోయిన సందర్భాలున్నాయి, జంతు ప్రేమికుల నిరసనలూ ఉన్నాయి. నాకైతే ఆ పందెం చూడబుద్ధి కాదు.

పొనోకా అలా కాదు. ఎడ్మంటన్‌కీ కాల్గరీకీ మధ్య, పొలాల నడుమ చిన్న ఊరు. 1936 నుంచి, కెనడా డే (జూలై 1) రోజుల్లో జరుగుతుంది. ఇక్కడ హంగామా తక్కువ, రోడియోనే ముఖ్యం. బేర్‌బ్యాక్ పోటీ చూడండి: జీను ఉండదు, కళ్లెం ఉండదు. గుర్రం వీపున కట్టిన తోలు పట్టీ పిడిని ఒక చేత్తో పట్టుకోవాలి. రెండో చెయ్యి గుర్రానికి తగిలితే అవుట్. గేటు తెరుచుకున్నాక మొదటి గెంతుకి రౌతు మడమలు గుర్రం భుజాల పైభాగాన ఉండాలి. ఇలా ఎనిమిది సెకన్లు నిలవాలి! మార్కుల్లో సగం గుర్రానివే కాబట్టి, సాధు గుర్రం వంతుకొస్తే రౌతు మొహం వాడిపోతుంది.

పిల్లలతో వెళ్తే కాల్గరీయే నయం. రోడియో కోసమే అయితే నా ఓటు పొనోకాకి. చిన్న ఊరు కదా, రూమ్ మాత్రం ముందే బుక్ చేసుకోండి. ఆ మైదానాల్లో వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం, జాకెట్ కూడా పెట్టుకోండి.