స్టార్లా, కథలా, నచ్చిన పుస్తకమా? చిన్నపిల్లల్ని చదివించడానికి ఏది మేలు?

"మేడం, మావాడికి చదవాలన్న ఇంట్రెస్టే లేదండీ. చదివితే ఏదైనా కొనిపెడతానన్నా వినడు." విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందుగదిలో ట్యూషన్ నడుపుతున్నాను కాబట్టి ఈ మాట నాకు కొత్త కాదు. అలా అన్నప్పుడు నేను ముందు ఆ పిల్లాడి చేతికి ఒక చిన్న కథ ఇచ్చి నాలుగు లైన్లు పైకి చదవమంటాను. 'వచ్చాడు' అని ఉన్నచోట 'వచాడు' అని, 'చెట్టు' ఉన్నచోట 'చె... ట... చెటు' అని చదివాడంటే అది ఇంట్రెస్ట్ లేకపోవడం కాదు, వత్తులు రాకపోవడం. లైను చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోతాడు, ఇక కథలో మజా ఏముంటుంది? అలా కాకుండా గడగడా చదివేసి, పుస్తకం మూసి "అయిపోయింది, ఇక ఆడుకోనా?" అంటే, అప్పుడు ఇంట్రెస్ట్ గురించి ఆలోచించాలి.

ఈ ఇద్దరికీ పెద్దవాళ్లు వేసే మందు మాత్రం ఒకటే: చాక్లెట్. అది కాకుండా ఇంకో రెండు దారులున్నాయి. మనమే చదివి వినిపించడం ఒకటి, పుస్తకం ఎంచుకునే పని పిల్లలకే వదిలేయడం ఇంకొకటి. ఈమధ్య ఫోన్ కూడా వచ్చి చేరింది. ఒకటి, రెండు తరగతుల పిల్లల కోసం వీటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను చదివి వినిపించడమే అంటాను. మూడో తరగతి దాటి, సొంతంగా చదవగలిగే పిల్లలకైతే పుస్తకం వాళ్లే ఎంచుకోవడం మేలు. స్టార్లను నేను పూర్తిగా కొట్టిపారేయను గానీ, వాటి చోటు వేరు.

స్టార్లు, స్టిక్కర్లు, చాక్లెట్లు

వీటి గొప్పదనం ఏమిటంటే వెంటనే పనిచేస్తాయి. గోడకు ఒక చార్టు అంటించి, పేర్లు రాసి, పుస్తకానికో స్టార్ అని చెప్పి చూడండి. మర్నాటికల్లా గది నిండా పుస్తకాలు పట్టుకున్న పిల్లలే. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లకు చూపించడానికీ, పేరెంట్స్ మీటింగులో ఫొటో తీసుకోవడానికీ ఇంతకంటే బాగుండేది ఇంకోటి లేదు.

అయితే కొన్నాళ్లు పోయాక అల్మరా వైపు ఒకసారి చూడండి. అన్నిటికంటే సన్నటి పుస్తకాల అట్టలే నలిగి ఉంటాయి. రెండో తరగతి పాప ఒకతి ఏనుగు బొమ్మ ఉన్న పుస్తకం పట్టుకొచ్చి "మేడం, అయిపోయింది, స్టార్ పెట్టండి" అంది. కథ చెప్పమన్నాను. "ఏనుగు ఉంది మేడం." ఇంకా? "పెద్ద ఏనుగు." ఆ పాప తప్పేమీ లేదు. మనం పేజీలు తిప్పితే స్టార్ ఇస్తామన్నాం, తను పేజీలు తిప్పింది.

దీని మీద అమెరికాలో 1973లో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అనే ముగ్గురు ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టమున్న నర్సరీ పిల్లల్ని మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. ఇంకో జట్టుకు ముందు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్లకు క్లాసులో స్కెచ్ పెన్నులు మామూలుగా పెట్టి గమనిస్తే, ముందే ఆశ చూపించిన జట్టు మిగతావాళ్లలో సగం సేపే వాటిని ముట్టుకుంది. ఇష్టంగా చేసే పని కాస్తా జీతానికి చేసే పనైపోయింది.

అలాగని బహుమతి ఎప్పుడూ చెడ్డదే అనడానికీ లేదు. డల్లాస్‌లో రోలండ్ ఫ్రయర్ అనే ఆర్థికవేత్త రెండో తరగతి పిల్లలకు పుస్తకానికి 2 డాలర్లు చొప్పున ఇప్పించాడు. కానీ ఊరికే కాదు, పుస్తకం మీద కంప్యూటర్లో చిన్న క్విజ్ పాసవ్వాలి. మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా తేలలేదు గానీ, ఇంగ్లీషు మాట్లాడే పిల్లల్లో మాత్రం చదువు మెరుగైందని 2011లో ప్రచురించాడు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ, నాకు అలా అనిపించదు. ఇష్టమున్న చోట బహుమతి పెడితే ఇష్టం తగ్గింది. డల్లాస్‌లో డబ్బు వచ్చింది పేజీలు తిప్పినందుకు కాదు, అర్థం చేసుకున్నందుకు.

అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. గుణింతాలు, వత్తులు, డిక్టేషన్ లాంటి విసుగు పనులకు స్టార్ పెట్టొచ్చు. వాటిని సరదాకి చేసే పిల్లాడు నాకైతే ఇంతవరకూ కనబడలేదు. కథకు మాత్రం స్టార్ వద్దు. ఏదో ఒకటి ఇవ్వాలనే ఉంటే పుస్తకమే ఇవ్వండి. 2008లో మారినాక్, గాంబ్రెల్ అనే ఇద్దరు మూడో తరగతి పిల్లలతో ఇదే చూశారు. చదివినందుకు చిన్న చిన్న బొమ్మలూ వస్తువులూ అందుకున్న పిల్లల కంటే, పుస్తకం అందుకున్నవాళ్లూ, అసలేమీ అందుకోనివాళ్లూ ఆ తర్వాత చదవడానికి ఎక్కువ మొగ్గు చూపారు.

చదివి వినిపించడం

దీనికి ఖర్చు లేదు, చార్టు లేదు, ఫొటోలో ఏమీ పడదు. బహుశా అందుకే ఎవరూ దీన్ని "యాక్టివిటీ" కింద లెక్కేయరు.

దీనివల్ల ఏమొస్తుందో పిల్లలు మాట్లాడే తెలుగు వింటే తెలుస్తుంది. మా ట్యూషన్‌లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు, తెలుగు ఇళ్ల నుంచి వచ్చి సగం ఇంగ్లీషులో మాట్లాడేవాళ్లూ ఉన్నారు. పుస్తకంలో 'గుబురుగా ఉన్న పొద' అని ఉంటే పొద అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. గుబురు సంగతి సరేసరి. ఆ మాటను ఎప్పుడూ చెవితో వినని పిల్లాడు కూడబలుక్కుని చదివినా, సరిగ్గా చదివాడో లేదో వాడికే తెలియదు. ముందు చెవికి తెలిసిన మాటైతే మొదటి రెండక్షరాలు పట్టుకోగానే మిగతాది నోటికొచ్చేస్తుంది. అందుకే చదవలేని పిల్లాడికి కూడా ఇది పనికొస్తుంది. మిగతా పద్ధతులకు ఆ సౌకర్యం లేదు.

అయితే చదివి వినిపించడం అంటే పేపర్ చదివినట్టు గడగడా చదివేయడం కాదు. ముందు అట్ట చూపించి "ఈ కుక్క ఎందుకు అలా దాక్కుంది?" అని అడగండి. నలుగురు నాలుగు కారణాలు చెప్తారు. ఒకడు "పోలీసులు వస్తున్నారు" అంటాడు. బాగానే ఉంది, ఒప్పుకోండి. తర్వాత కథలో చిక్కు వచ్చే చోట ఆగండి. పేజీ తిప్పకండి. "ఇప్పుడేం చేస్తుంది?" అని అడిగి గొడవ కాసేపు సాగనివ్వండి. అప్పుడు పేజీ తిప్పితే ముందు వరసలోవాళ్లు లేచి నిలబడతారు, వెనకవాళ్లు కనపడట్లేదని అరుస్తారు. ఇలా ఆగి, అడిగి, పిల్లలతోనే చెప్పిస్తూ చదవడం మీద వైట్‌హర్స్ట్ బృందం 1988లో ఒక అధ్యయనం చేసింది. మామూలుగా చదివినప్పటి కంటే ఇలా చదివితే చిన్నపిల్లల మాట బాగా మెరుగుపడిందని అందులో తేలింది.

ఒక్క ప్రశ్న మాత్రం దయచేసి అడగకండి: "ఈ కథలో నీతి ఏమిటి?" అది వినగానే పిల్లల ముఖాల్లో పరీక్ష కళ వచ్చేస్తుంది. అందరూ కలిసి "అబద్ధం ఆడకూడదు మేడం" అంటారు, కథలో అబద్ధం ఉన్నా లేకపోయినా.

మళ్లీ అదే కథ చదవమంటారు. చదవండి. రెండోసారి లైను కింద వేలు నడిపిస్తూ చదివితే కథ ముందే తెలుసు కాబట్టి పిల్లాడి చూపు అక్షరాల మీదికి పోతుంది. మూడోసారికి మీరు ఆగితే వాడే అందుకుంటాడు.

ఈ పద్ధతికీ లోట్లున్నాయి. ఎంత వినిపించినా విన్నంత మాత్రాన వత్తులు రావు, వాటిని విడిగా నేర్పాల్సిందే. రెండోది ఓపిక. బీసెంట్ రోడ్డులో షాపు కట్టేసి రాత్రి పది దాటాక ఇల్లు చేరే నాన్నను, పొద్దున్నుంచి ఇంటి పనితో అలసిపోయిన అమ్మను కథ చదవమంటే మొహమాటానికి తల ఊపుతారు. అలాంటి ఇళ్లలో నేను ఐదో తరగతో ఆరో తరగతో చదివే అక్కనో అన్ననో పట్టుకుంటాను. చిన్నదానికి చదివి వినిపించమంటే పెద్దది కూడా దర్జాగా చదువుతుంది. అది వాళ్లకూ ప్రాక్టీసే.

నచ్చిన పుస్తకం ఎంచుకోనివ్వడం

సొంతంగా చదవడం వచ్చిన పిల్లల దగ్గర దీన్ని మించింది లేదు. చదవడం రానివాళ్ల దగ్గర మాత్రం ఇది దండగ. బొమ్మ చూసి పుస్తకం తీస్తారు, రెండు లైన్లు తంటాలు పడతారు, పెట్టేస్తారు, ఇంకోటి తీస్తారు. పీరియడ్ అయిపోతుంది.

పుస్తకం స్థాయి చూసుకోవడానికి ఐదు వేళ్ల చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. ఒక పేజీ చదువుతూ రాని మాటకల్లా ఒక వేలు ముడవాలి. ఐదు వేళ్లూ ముడిస్తే ఆ పుస్తకం ఇప్పుడు కష్టం. మన తెలుగు బొమ్మల పుస్తకాల్లో పేజీకి రెండు మూడు లైన్లే ఉంటాయి కాబట్టి నేను మూడు వేళ్లకే ఆపేస్తాను. పుస్తకాలను వరసగా కుక్కి పెట్టకుండా, అట్టలు కనపడేలా బల్ల మీద పరచడం కూడా ముఖ్యం. సన్నటి పుస్తకం వెన్ను మీద పేరు కూడా పట్టదు, ఏముందని తీస్తారు?

ఎంచుకోనిచ్చాక మనం నోరు మూసుకోవడమే కష్టం. క్రికెట్, దెయ్యాలు, పొడుపు కథలు, జోకులు, ఈనాడులో వచ్చే హాయ్ బుజ్జీ పేజీ, ఏదైనా సరే. "ఇవి చదివితే మార్కులొస్తాయా?" అని ఒక నాన్నగారు అడిగారు. వాళ్లబ్బాయి తెలుగు ప్రశ్నపత్రంలో అపరిచిత గద్యం ప్రతిసారీ వదిలేసి వస్తున్నాడు. ఎప్పుడూ చూడని పేరాను భయపడకుండా చదవడం గైడు బట్టీ పడితే రాదని చెప్పాను.

ఫోన్ సంగతి

ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు బోలెడు ఉన్నాయి, ఉచితం, నాలుగు స్థాయిలుగా విడగొట్టారు. దించుకుని ప్రింట్ కూడా తీసుకోవచ్చు. గూగుల్ వాళ్లు 2019లో బోలో పేరుతో తెచ్చి తర్వాత రీడ్ అలాంగ్‌గా పేరు మార్చిన యాప్ పిల్లాడు పైకి చదువుతుంటే విని, తప్పు చదివిన మాటను సరిచేస్తుంది. తెలుగూ ఉంది. ఒంటరిగా ప్రాక్టీస్ చేసే పిల్లాడికి అది మంచిదే. కానీ అదీ స్టార్లే ఇస్తుంది, పైగా నోటిఫికేషన్ వచ్చిందంటే కథ అక్కడితో సరి. నా వరకు ఫోన్ టీచర్ చేతిలో ఉండాలి. కథ అందులోంచి తీసుకుని మనం చదివి వినిపించాలి.

పుస్తకాలు ఎక్కడ, ఏవి

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ బెజవాడలోనే, రామమోహన గ్రంథాలయంలో. అదే ఊళ్లో ఇప్పుడు టైంటేబుల్‌లో లైబ్రరీ అని ఉన్న పీరియడ్‌లో లెక్కలు చెప్పే స్కూళ్లు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. సరే, ఆ బాధ పక్కన పెడదాం.

చార్టు, స్టిక్కర్లు, చాక్లెట్ డబ్బా కలిపితే ఎంతవుతుందో అంత డబ్బుతో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఒక సంచీ నింపొచ్చు. అదృష్టం బాగుంటే పాత చందమామలు కూడా దొరుకుతాయి, కాకపోతే వాటి భాష నాలుగో తరగతి పైవాళ్లకే. కొత్తవి కావాలంటే ఏలూరు రోడ్డు షాపులు, జనవరిలో బుక్ ఎగ్జిబిషన్ ఉండనే ఉన్నాయి. నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం వాళ్ల బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. తూలిక వాళ్లవి కొన్ని ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉండేలా ఉంటాయి, ఇంగ్లీష్ మీడియం పిల్లలకు పనికొస్తాయి.

ఎగ్జిబిషన్‌లో మాత్రం జాగ్రత్త. గట్టి అట్ట వేసిన లావు కథల సంపుటం చూసి అమ్మానాన్నలు ముచ్చటపడతారు. ఏడేళ్ల పిల్ల దాన్ని ఒళ్లో పెట్టుకోలేదు, ఎప్పటికీ పూర్తి చేయలేదు. అదే డబ్బుకు పదహారు పేజీల సన్నటి పుస్తకాలు తీసుకోండి. కొనేముందు మధ్య పేజీ తెరిచి పిన్నులు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూడండి. నలుగురి చేతుల్లో పడితే ముందు ఊడేది అక్కడే.