‘ఆప్టిక్స్ రెడీ’ అన్న మాట నమ్మి పిస్టల్ కొనేవారికి ఒక హెచ్చరిక

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక చిన్న ఊళ్ళో మా కుటుంబం ఉంటోంది. గ్రీన్ కార్డు చేతికి వచ్చాక, నిరుడు చలికాలంలో, రెండు పనులకు ఒకే పిస్టల్ సరిపోయేలా చూసి కొనాలనుకున్నాను. నెలకు ఒకటి రెండు ఆదివారాలు పోటీల్లో పాల్గొనాలి, మిగిలిన రోజుల్లో అది ఇంటి రక్షణకు ఉండాలి. ఆ కొనుగోలులో నాకు డబ్బు లెక్కన నాలుగు వందల డాలర్ల పైచిలుకు, కాలం లెక్కన దాదాపు నాలుగు నెలలు నష్టం వచ్చింది. దుకాణం పేరు, పిస్టల్ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ చిక్కు ఒక్క దుకాణంతోనో ఒక్క కంపెనీతోనో పోయేది కాదు కాబట్టి, పెట్టె మీద ‘ఆప్టిక్స్ రెడీ’ అని అచ్చు వేసి ఉన్న పిస్టల్ కొనబోయే ప్రతివారూ ఇది చదవాలని కోరుతున్నాను.

ఆ మాటకు దుకాణంలో చెప్పే అర్థం వేరు, అసలు అర్థం వేరు. పిస్టల్ పైభాగాన, ప్రతి దెబ్బకూ వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకు వచ్చే ఉక్కు భాగాన్ని స్లైడ్ అంటారు. దాని వెనుక కొసన కొంత లోహాన్ని చెక్కి, రెడ్ డాట్ (చిన్న అద్దంలో ఎర్ర చుక్క చూపి గురి కుదిర్చే పరికరం) బిగించడానికి చోటు చేసి అమ్ముతారు. ‘ఆప్టిక్స్ రెడీ’ అంటే ఇంతే. అయితే రెడ్ డాట్‌లన్నిటికీ అడుగుభాగం ఒకే కొలతలో ఉండదు. ట్రిజికాన్ వారి ఆర్.ఎం.ఆర్. కొలత ఒక రకం, లూపోల్డ్ వారి డెల్టాపాయింట్ ప్రో కొలత మరొక రకం, చిన్న పిస్టళ్ళ కోసం వచ్చిన షీల్డ్ ఆర్.ఎం.ఎస్.సి. కొలత ఇంకొకటి, నాలుగు వైపులా మూసి ఉండే ఎయిమ్‌పాయింట్ ఆక్రో బిగింపు పద్ధతే వేరు. స్క్రూల మధ్య దూరం గానీ, రెడ్ డాట్ అడుగున గుంటల్లో కూర్చునే చిన్న దిమ్మెల స్థానం గానీ ఒకదానితో ఒకటి కలవవు. అందువల్ల 2015లో వచ్చిన గ్లాక్ ఎం.ఓ.ఎస్. మొదలుకొని చాలా కంపెనీలు స్లైడ్‌కూ రెడ్ డాట్‌కూ మధ్య పలుచని ప్లేట్ ఒకటి పెట్టే పద్ధతిని పట్టుకున్నాయి. ఒక్కొక్క రెడ్ డాట్‌కు దానికి తగిన ప్లేట్ వేరే కావాలి. మీకు కావలసిన ప్లేట్ పెట్టెలో ఉందా, విడిగా కొనాలా, అసలు దొరుకుతుందా అన్న సంగతి పెట్టె మీద రాసి ఉండదు.

నేను రెడ్ డాట్‌ను ముందే కొని ఉంచుకున్నాను. అది ఆర్.ఎం.ఆర్. కొలతది, మూడు వందల డాలర్ల చిల్లర పడింది. దాన్ని జేబులో పెట్టుకొని దుకాణానికి వెళ్ళి, ఇది ఈ పిస్టల్ మీద కూర్చుంటుందా అని కౌంటర్‌లో ఉన్నతన్ని అడిగాను. ఏ డాట్ అయినా కూర్చుంటుందని అతను ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు. పెట్టె విప్పి చూపమని నేను అడగలేదు. తుపాకీ కొనేవారు నింపవలసిన ఫెడరల్ ఫారం 4473 నింపి, నేపథ్య తనిఖీ పూర్తయి, 8.25 శాతం పన్నుతో కలిపి డబ్బు కట్టిన తరువాతే పెట్టె విప్పాము. అందులో ఉన్న ఒకే ఒక్క ప్లేట్ డెల్టాపాయింట్ ప్రోకు సరిపోయేది. కంపెనీ నుంచి సరైన ప్లేట్ రావడానికి ఎన్ని వారాలు పడుతుందో చెప్పలేమన్నారు. అంతవరకు ఆగనక్కరలేదని, అన్నిటికీ సరిపోయే ప్లేట్ తమ దగ్గరే ఉందని నలభై అయిదు డాలర్లకు ఒకటి అంటగట్టి, తుపాకులు బాగుచేసే తమ గన్‌స్మిత్ చేత ఊరికే బిగించి ఇప్పించారు. ఊరికే అన్న మాట విని సంతోషించినందుకు నన్ను నేనే అనుకోవాలి.

అన్నిటికీ సరిపోయే ప్లేట్ ఏ ఒక్కదానికీ సరిగ్గా సరిపోదు. రెడ్ డాట్ అడుగు గుంటల్లో దిగబడవలసిన దిమ్మెలు ఆ ప్లేట్ మీద లేనే లేవు. స్లైడ్ వెనక్కి దూకి ముందుకు కొట్టుకున్న ప్రతిసారీ ఆ అదురును దిమ్మెలు మోయాలి, స్క్రూలు కేవలం పైకి లేవకుండా పట్టి ఉంచాలి. దిమ్మెలు లేకపోతే ఆ భారమంతా పెసరగింజంత స్క్రూల మీదే పడుతుంది. రెండు వందల తూటాలు కాల్చేసరికి నా డాట్ కదిలింది. పదిహేను గజాల దూరంలో గురి నాలుగు అంగుళాలు ఎడమకు పోతుంటే, తప్పు నా చేతిదేననుకొని రెండు వారాలు సాధన చేశాను. వేలితో ఒత్తి చూసినప్పుడు డాట్ కదలడం తెలిసింది. దుకాణానికి తీసుకువెళ్తే, ఈసారి కొంచెం పొడుగు స్క్రూలు వేసి గట్టిగా బిగించారు. అసలు అనర్థం అక్కడే మొదలైంది.

ఆ తరువాతి ఆదివారం యు.ఎస్.పి.ఎస్.ఎ. (అమెరికాలో పిస్టల్ పోటీలు నడిపే సంఘం) నిబంధనల ప్రకారం జరిగే క్లబ్బు పోటీకి వెళ్ళాను. మొదటి స్టేజిలోనే, అంటే పోటీలోని మొదటి అంచెలోనే, మూడో తూటాకు పిస్టల్ ఆగిపోయింది. కాల్చిన తూటా తొడుగు గొట్టంలోనే ఉండిపోగా, దాని వెనక్కి కొత్త తూటా వచ్చి ఇరుక్కుంది. సర్దుకొని మళ్ళీ కాలిస్తే రెండు తూటాలకు మళ్ళీ అదే జరిగింది. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) మార్చాను, వేరే తూటాలు వేశాను, ఫలితం మారలేదు. మూడో స్టేజి అయ్యాక మా జట్టులో ఉన్న ఒక పెద్దాయన, పిస్టల్ ఖాళీ చేయించి భద్రంగా ఉందని చూసుకున్న తరువాత, రెడ్ డాట్ విప్పి చూద్దామన్నారు. డాట్ విప్పి, పిస్టల్ మీదే ఉండే మామూలు గురిచూపులతో పది తూటాలు కాలిస్తే ఒక్కటి కూడా ఆగలేదు.

ఆయన చూపించాక గానీ సంగతి నాకు బోధపడలేదు. కాల్చిన తొడుగు అంచును కొక్కెంలా పట్టి బయటికి లాగే చిన్న భాగాన్ని ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. ఈ రకం పిస్టళ్ళు చాలావాటిలో ఆ కొక్కేన్ని బిగువుగా ఉంచే స్ప్రింగు, చిన్న కడ్డీ స్లైడ్ కుడి పక్కన ఒక సన్నని రంధ్రంలో ఉంటాయి. ప్లేట్ స్క్రూ దిగే రంధ్రాల్లో ఒకటి సరిగ్గా దాని మీదికి వస్తుంది. స్క్రూ ఒక పిసరు పొడుగైతే దాని కొస ఆ కడ్డీని నొక్కి పట్టేస్తుంది, కొక్కెం పట్టు తప్పుతుంది. నా స్లైడ్‌లో ఆ రంధ్రం లోపల గీతలు కూడా పడ్డాయి. పోటీలో ఇలా జరిగితే పోయేది మార్కులే. ఇదే పిస్టల్‌ను మా ఆవిడకు చూపించి, ఏదైనా జరిగితే ఇది ఉందని ధైర్యం చెప్పి మంచం పక్కన పెట్టెలో పెట్టిన రాత్రులు గుర్తుకు వచ్చి నాకు నిజంగా చెమట పట్టింది.

అదే రోజు ఇంకొక పరాభవం కూడా జరిగింది. రెడ్ డాట్ బిగించిన మామూలు పిస్టళ్ళ కోసం ఉన్న క్యారీ ఆప్టిక్స్ విభాగంలో మ్యాగజైన్ పొడవు 141.25 మిల్లీమీటర్లు దాటకూడదు, ఖాళీ మ్యాగజైన్‌తో, రెడ్ డాట్‌తో కలిపి పిస్టల్ బరువు 59 ఔన్సులు, అంటే సుమారు 1,670 గ్రాములు మించకూడదు. పోటీకి మేలని చెప్పి దుకాణంవారు నాకు అమ్మిన అడుగున పొడిగింపులు వేసిన రెండు మ్యాగజైన్లూ కొలత పెట్టెలో పట్టలేదు. ఫలితంగా నన్ను ఓపెన్ విభాగంలోకి మార్చారు. వేల డాలర్ల రేసు తుపాకులతో వచ్చేవారి మధ్య, తూటా ఇరుక్కునే పిస్టల్‌తో నా స్థానం ఎక్కడో చెప్పనవసరం లేదు. పోటీ కోసం కొనేవారు ఆ పిస్టల్ మోడల్ ఆ విభాగపు ఆమోదిత జాబితాలో ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి. 1911 మోడల్ వంటి సింగిల్ యాక్షన్ (సుత్తిని ముందే వెనక్కి లాగి ఉంచితేనే పేలే) పిస్టళ్ళకు క్యారీ ఆప్టిక్స్‌లో చోటు లేదు, వాటికి లిమిటెడ్ ఆప్టిక్స్ అనే విభాగం వేరే ఉంది.

దుకాణానికి తిరిగి వెళితే వచ్చిన సమాధానం మూడు ముక్కల్లో ముగిసింది. తుపాకీ ఒకసారి చేతులు మారితే వాపసు లేదు. ప్లేట్ వేరే కంపెనీది కాబట్టి పిస్టల్ కంపెనీని అడగండి. గన్‌స్మిత్ డబ్బు తీసుకోకుండా చేసిన పనికి హామీ ఉండదు. పిస్టల్ కంపెనీవారు మర్యాదగానే మాట్లాడారు, ఎక్స్‌ట్రాక్టర్ భాగాలు మార్చి అయిదు వారాలకు ఇంటికే తిప్పి పంపారు. (మరమ్మతు చేసిన తుపాకీని కంపెనీ సొంతదారు ఇంటికే నేరుగా పంపవచ్చు, మళ్ళీ డీలర్ దగ్గరికి వెళ్ళనవసరం లేదు. ఈ వ్యవహారంలో నాకు కలిసివచ్చింది ఇదొక్కటే.) కానీ ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగు రంధ్రంలో పడిన గీతలు తమ వారంటీ కిందికి రావని రాతపూర్వకంగా తెలియజేశారు.

చివరకు ఈ పిస్టల్‌కూ ఆర్.ఎం.ఆర్. కొలతకూ ప్రత్యేకంగా చేసిన ఉక్కు ప్లేట్ డెబ్బై అయిదు డాలర్లు పెట్టి తెప్పించుకున్నాను. దానితో పాటు సరైన పొడుగు స్క్రూలు వచ్చాయి. వాటిని బిగింపు బలాన్ని అంగుళం-పౌండ్లలో కొలిచే చిన్న టార్క్ స్క్రూడ్రైవర్‌తో, తయారీదారు చెప్పిన కొలతకే, స్క్రూ మరలకు సడలనీయని నీలం రంగు లాక్‌టైట్ జిగురు చుక్క వేసి బిగించాను. స్క్రూ తలకూ డాట్ ఒంటికీ కలిపి తెల్లరంగు పెన్నుతో ఒక గీత గీశాను. ఆ గీత విరిగినట్టు కనిపిస్తే స్క్రూ తిరిగిందని వెంటనే తెలుస్తుంది. ఇప్పటికి వెయ్యి తూటాలు దాటాయి, గీత కదలలేదు.

అయినా ఇంటి రక్షణ విషయంలో నా మనసు కుదుటపడలేదు. ప్లేట్ మందం వల్ల డాట్ ఎత్తుకు లేచి, పిస్టల్‌తో వచ్చిన పొట్టి గురిచూపులు అద్దంలో కనిపించకుండా పోయాయి. రాత్రి డాట్ వెలగకపోతే చూడడానికి ఏమీ మిగలదు కనుక, ఎత్తయిన గురిచూపులు వేరే కొని మార్పించవలసి వచ్చింది. టెక్సస్ ఎండలో పోటీకి డాట్ వెలుగును బాగా పెంచి పెడతాము, దాన్ని అలాగే మరచి పెట్టెలో పెడితే చీకటి గదిలో అది ఎర్రటి మరకలా పరచుకొని ఎదుటనున్నదాన్నే కప్పేస్తుంది. ట్రిజికాన్ ఆర్.ఎం.ఆర్. టైప్ 2 వంటివాటికి బ్యాటరీ అడుగున ఉంటుంది, మార్చాలంటే డాట్‌ను పూర్తిగా విప్పి, మళ్ళీ గురి సరిచూసుకోవాలి. పక్క నుంచో పై నుంచో బ్యాటరీ మార్చే వీలున్నవి ఈ పనికి మేలు. పోటీ కోసం ట్రిగ్గర్‌ను తేలిక చేయించాలన్న ఆలోచన కూడా నేను మానుకున్నాను, నిద్ర కళ్ళతో పట్టుకునే వస్తువుకు అంత తేలిక పనికిరాదు. ఇక్కడి ఇళ్ళ గోడలు మన ఊళ్ళ ఇటుక గోడలు కావు. పోటీలో వాడే మామూలు తూటా జిప్సం అట్ట గోడలను వరుసగా దాటి పిల్లల గదిలోకి పోగలదు, కాబట్టి ఇంట్లో ఉంచే తూటాలు వేరు, ఎటు కాల్చకూడదన్న లెక్క వేరు.

కాబట్టి సంతకానికి ముందే, కౌంటర్ మీద పెట్టె విప్పించండి. మీ రెడ్ డాట్ వెంట తీసుకువెళ్ళి, దాని కొలతకు సరిపోయే ప్లేట్, స్క్రూలు పెట్టెలో కంటికి కనిపిస్తేనే ఫారం నింపండి. లేకపోతే ఆ ప్లేట్ కంపెనీ ఊరికే ఇస్తుందా, ధర ఎంత, ఎప్పటికి వస్తుంది అన్నది రసీదు మీద రాయించుకోండి. నోటిమాటగా ఒప్పుకున్న దుకాణం ఒక్క గీత రాయడానికి వెనుకాడితే బయటికి వచ్చేయండి. ఎవరు బిగించినా ఇంటి రక్షణకు ఆ పిస్టల్‌ను నమ్మే ముందు కనీసం రెండు మూడు వందల తూటాలు, అందులో కొన్ని మీరు ఇంట్లో ఉంచబోయే రకానివి, కాల్చి చూడండి. తూటా తొడుగులు ఇరుక్కుంటే మొదట డాట్ విప్పి పరీక్షించండి.

మనవారి కోసం మరొక మాట. హెచ్-1బి వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, వాటి మీద ఆధారపడే ముందు వకీలును అడగాలి. ఫారం 4473లో తెలిసి తప్పు రాయడం నేరం. మనల్ని చూడడానికి సందర్శక వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు పెట్టె తాళం సంఖ్య చెప్పవద్దు. పదిహేడేళ్ళలోపు పిల్లలకు తూటాలు నింపిన తుపాకీ అందేలా ఉంచడం టెక్సస్‌లో నేరం. ఇనుప పెట్టె కొనడానికి ఖర్చని జంకేవారికి చెప్పేదేమిటంటే, 2021 సెప్టెంబరు నుంచి తుపాకీ భద్రతా సామగ్రి మీద ఇక్కడ అమ్మకపు పన్ను లేదు. రేంజికి తీసుకువెళ్ళే సంచిని మాత్రం ఇండియా ప్రయాణానికి ఎన్నడూ వాడకండి. దాని మూలన మరచిపోయిన ఒక్క తూటా చాలు, హైదరాబాదు విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసు కావడానికి.

నా పెట్టెలో వచ్చిన డెల్టాపాయింట్ ప్రో ప్లేట్ స్క్రూలతో సహా ఇంకా వాడకుండానే ఉంది. అదే పిస్టల్ కొని, ఆ డాట్ ఉన్నవారెవరైనా పోటీ మైదానంలో కనిపిస్తే ఊరికే ఇచ్చేస్తాను.